ఐదో పరికరం

జూన్ 2, సోమవారం

నెట్‌లో సీరియల్ ఎనిమిదో మెట్టు చదువుతూ సగంలో ఉండగా నా టాబ్లెట్ పలక ఆగిపోయింది. తెర మీద సున్నా గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. అల్లుణ్ణి పిలిచాను.

"మామయ్యగారూ, మన వైఫై ఇంకెవరైనా వాడుతున్నారేమో. చూద్దాం లెండి."

ఈ 'చూద్దాం లెండి'కి రెండేళ్లు నిండాయి. రౌటర్ బిగించిన రోజున పాస్‌వర్డ్ మార్చవయ్యా అంటే ఇదే మాట అన్నాడు. ఉద్యోగం చూస్తే కంప్యూటర్ కంపెనీలో. దర్జీ చొక్కాకే గుండీలుండవు.

నేనే చూసుకున్నాను. రౌటర్‌తో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివిన మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. అచ్చుతప్పులు తొమ్మిది. అందులో చెప్పినట్టు చేస్తే లోపల ఎవరెవరున్నారో జాబితా వచ్చింది. అల్లుడి ఫోను, అతని ఆఫీసు లాప్‌టాప్, అమ్మాయి ఫోను, నా పలక. నాలుగు. జాబితాలో మాత్రం ఐదున్నాయి. ఐదోదానికి పేరు లేదు. పొడుగాటి నంబరొకటి ఉందంతే.

ఇంట్లో ఇంకెవరున్నారు? మా ఆవిడ. ఆవిడకి ఫోను లేదు. అమ్మాయి వాడి పడేసిన పాత ఫోనొకటి, అద్దం పగిలింది, చక్కెర డబ్బాకి ఆనించి పెట్టుకుంటుంది అలారం కోసం. అందులో సిమ్ కూడా లేదు. సిమ్ లేనిది ఫోను కాదు, గడియారం.

కాబట్టి దొంగ బయటివాడు. బయటివాడంటే కింది వాటాలో పన్నులాయన. పన్నుల ఆఫీసులో పెద్ద అధికారిగా రిటైరయ్యాడు. మా గ్రంథాలయం నుంచి చరిత్ర పుస్తకం మొదటి సంపుటం తీసుకెళ్లి, పదకొండేళ్లు దగ్గరుంచుకుని, అట్ట లేకుండా తెచ్చిచ్చిన ఘనుడు. అడిగితే, "అట్ట చదువుతామా మాస్టారూ, లోపలిదే కదా చదివేది" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు గ్రంథపాలకుడిగా పనిచేశాను. దొంగ చూపు నాకు తెలుసు.

సాయంత్రం ఎనిమిదో మెట్టు పూర్తి చేశాను. ఈ 'పన్నెండు మెట్లు' సీరియల్ బాగోదని మొదటి మెట్టు దగ్గరే తేల్చేశాను. తేల్చేశాక ఎనిమిదీ చదివాను. ఒకావిడ పెట్టె సర్దుకుని, మొగుణ్ణి వదిలేసి, మేడ దిగుతూ ఉంటుంది. విడతకో మెట్టు, మెట్టుకో జ్ఞాపకం. రాసేదెవరో పేరు లేదు, 'ఒక పాఠకురాలు' అట. మొగుడు తూనికలూ కొలతల ఆఫీసులో చేసి దిగిపోయినవాడు. పెళ్లాం నోరు తెరిస్తే ఆ మాటని తక్కెడలో వేసి ఎంత తక్కువ తూగిందో చెబుతాడు. మూడో మెట్టు మీద, పెళ్లైన రెండో ఏట ఆమె రాసిన కథని పద్నాలుగు ఎర్ర గుర్తులు పెట్టి తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఆమె రాయలేదు.

ఇలాంటి వెధవలు ఉంటారా? ఉంటారు. కింది వాటాలో ఉన్నాడు.

నా దగ్గరా ఎర్ర పెన్సిలు ఉండేది. అయితే నేను వాడింది సవరణకి.

జూన్ 3, మంగళవారం

పని పూర్తయింది.

రౌటర్ లోపలి గదిలోకి వెళ్లడానికి యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. ఇనప్పెట్టెకు తాళం వేసి, చెవి దానికే వేలాడదీసినట్టు. మార్చాను. భద్రత అన్న చోట పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఉంటే అల్లుడు పాతదే ఉంచాడు. కొత్తది పెట్టాను. వెనకాల ఒక బొత్తాం ఉంది, అది నొక్కితే పాస్‌వర్డ్ లేకపోయినా ఎవరైనా లోపలికి రావచ్చట. దాని పీక నొక్కేశాను. వైఫైకి పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాను. పన్నులాయన పాడుచేసిన ఆ సంపుటం పేరులో మొదటి అక్షరాలు, పక్కన దాని రిజిస్టరు నంబరు. పెళ్లిరోజు గుర్తుండదు గానీ ఆ నంబరు మర్చిపోను.

గ్రంథాలయమైనా గాలి అయినా సభ్యత్వం లేకుండా ఇవ్వకూడదు. అల్లుడికీ అమ్మాయికీ నాకూ తలో కార్డు రాశాను. నా సొంత పుస్తకాల సూచిక కార్డుల సొరుగులో, వాడకుండా మిగిలిన పాతవి కొన్ని ఉన్నాయి. నలభై ఏళ్ల కిందట ఏవో మందపాటి కాగితాలు దొరికితే కోసి చేసుకున్నవి. వెనకవైపు నీలం సిరాతో ఏదో రాత ఉంది. ముందువైపు శుభ్రంగా ఉంది.

"నాన్నా, ఇది ఇల్లా, రీడింగ్ రూమా?" అంది అమ్మాయి సంతకం పెడుతూ.

వంటింట్లోంచి ఆవిడ, "ఏవండీ, నాకు కార్డు లేదా?" అంది.

"నీకెందుకు? నీకు ఫోను లేదుగా."

"అవును కదూ, లేదు," అంది. అమ్మాయి ఎందుకో కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ ఇంట్లో గంభీరమైన పనికి విలువ లేదు.

జూన్ 4, బుధవారం

నాలుగు. గెలిచాను.

జూన్ 5, గురువారం

ఐదు.

జూన్ 6, శుక్రవారం

అదే నంబరు. సాయంత్రం నాలుగింటికి వచ్చి ఐదింటికి వెళ్లిపోతోంది, ఆఫీసు వేళలు పాటించినట్టు. పన్నులాయన పాత అలవాటు.

విచారణ జరిపాను. "పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?" అంటే అల్లుడు, "నాకే గుర్తులేదు మామయ్యగారూ, కార్డు చూసి కొట్టుకున్నాను" అన్నాడు. నమ్ముతాను. అమ్మాయిని అడిగితే, "బయటివాళ్లెవరికీ చెప్పలేదు నాన్నా" అంది. దాన్నీ నమ్ముతాను. నా పెంపకం.

నిన్ననే తొమ్మిదో మెట్టు వచ్చింది. తూనికలాయన తన రిటైర్‌మెంట్ సభలో గంటన్నర ప్రసంగించి అందరికీ కృతజ్ఞత చెప్పాడు, కుర్చీలు వేసినవాడితో సహా. పెళ్లాన్ని మర్చిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అభిప్రాయాల పెట్టెలో నేను 'నిష్పక్షపాతి' అనే పేరుతో రాస్తుంటాను. ఇలా రాశాను: "అమ్మా, పెట్టె కింద పెట్టకు. వెనక్కి చూడకు. ఇలాంటి మనిషి మారడు. వయసుతో పులుపు పెరుగుతుందే గానీ తీపి రాదు. దిగు." రెండు వందల నలభై ఒక్కమంది మెచ్చుకున్నారు. నా పుస్తకం అచ్చయినప్పుడు కొన్నవాళ్లు కూడా అంతమంది లేరు.

నా సభలో నేను అలా మర్చిపోలేదు. సమయం లేకపోయింది.

జూన్ 8, ఆదివారం

నిన్న పదో మెట్టు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఇంకా రెండే మెట్లు.

ఇవాళ దొంగ సంగతి తేల్చేశాను. పాస్‌వర్డ్ ఎలాగో పొక్కింది సరే. కానీ ప్రతి పరికరానికీ పుట్టుకతో వచ్చే నంబరొకటి ఉంటుంది, మా పుస్తకాలకి రిజిస్టరు నంబరు ఉన్నట్టే. ఈ నాలుగు నంబర్లు తప్ప ఇంకేదొచ్చినా, పాస్‌వర్డ్ తెలిసి వచ్చినా, రానివ్వొద్దని రౌటర్‌కి చెప్పవచ్చు. చెప్పేశాను. గాలికి తాళం వేసిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది.

"నాన్నా, ఆ ఐదోదాన్ని కూడా ఉండనియ్యకూడదూ?"

"ఎవరిదది?"

"ఎవరిదైతేనేం, పాపం గంటసేపేగా."

"జాలిపడి పదకొండేళ్లు ఊరుకుంటే అట్ట పోయింది."

"నీకో దండం" అని వెళ్లిపోయింది. జాలిగుండె. తల్లి పోలిక.

జూన్ 9, సోమవారం

నాలుగు. టీ ఆలస్యమైంది.

జూన్ 12, గురువారం

పదకొండో మెట్టు రాలేదు. నాలుగు రోజులు.

జూన్ 14, శనివారం

ఇవాళా రాలేదు. జనం అడుగుతున్నారు, ఒంట్లో బాగుందా అని, దిగేసిందా అని. నేనూ అడిగాను, మర్యాదగా.

ఆవిడ ఇవాళ నుంచి నాలుగింటికి కిందికి వెళుతోంది. పన్నులాయన భార్యకి అల్లిక నేర్పాలట. ఇన్ని ఇళ్లుండగా ఆ ఇల్లే దొరికింది. "నా టీ?" అన్నాను. "డబ్బాల మీద పేర్లు మీరే రాశారుగా, చదువుకుని పెట్టుకోండి" అంది. పెట్టుకున్నాను. ఎవరైనా పెట్టుకోగలరు. చక్కెర డబ్బా పక్కన గడియారం కూడా లేదు. ఊలు ఉండ మాత్రం సోఫా మీదే ఉంది.

టీ బాగుంది. పారబోశాను.

జూన్ 15, ఆదివారం

వచ్చింది! నాలుగూ నలభైకి.

పదకొండో మెట్టు మీద ఆమెకి గుర్తుకొచ్చింది ఈ మధ్య సంగతే. తూనికలాయన తన కిటికీ గాలిని కిందివాళ్లు దొంగిలిస్తున్నారని కిటికీలన్నీ బిగించేస్తాడు. 'గాలికి తాళం వేసిన మొదటి మనిషిని నేనే' అని మీసం దువ్వుకుంటాడు. ఊపిరాడక ఆమె కిందింటి వరండాలో కూర్చోవలసి వస్తుంది. పగలబడి నవ్వాను. ఎంతటి మూర్ఖుడు! ఒక పోలిక మాత్రం నేను రాసుకున్నట్టే ఉంది. గొప్పవాళ్ల ఊహలు కలుస్తాయి.

వెంటనే రాశాను: "అమ్మా, ఇంకొక్క మెట్టు. కిటికీ మూసినవాడు రేపు తలుపూ మూస్తాడు. వెళ్లిపో." ఈసారి నాలుగు వందలు దాటింది.

జూన్ 16, సోమవారం

మెట్ల దగ్గర పన్నులాయన పట్టుకున్నాడు. పట్టుకున్నది అతనే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"మాస్టారూ, మీ ఇంట్లో నెట్ ఎప్పుడు బాగవుతుందండీ?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడు అనుకున్నాను. "ఏం, మీకు ఇబ్బందిగా ఉందా?"

"మాకేం ఇబ్బంది? మాకు మాది ఉంది. మీ ఆవిడ గురించి అడుగుతున్నాను. పాపం రోజూ మెట్లు దిగి వచ్చి మా వరండాలో కూర్చుని రాసుకుంటున్నారు. వచ్చినందుకు కాదులెండి, మోకాళ్ల నొప్పులు కదా అని. ఆవిడ ఉన్నంతసేపూ మా ఆవిడ నన్ను దగ్గనివ్వడం లేదు. 'ష్, రాస్తోంది' అంటుంది."

"రాస్తోందా? ఏం రాస్తోంది?"

"అదేంటండీ, మీరు చదవరా? మేమిద్దరం మొదటి మెట్టు నుంచీ చదువుతున్నాం. ఆ తూనికలాయన ఉన్నాడు చూశారూ..." అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. "కల్పనలెండి. అంతా కల్పనే. ఇంతకీ మీ వైఫై దొంగ దొరికాడా?"

నేను మెట్ల కమ్మీ పట్టుకున్నాను.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అని, ఓదార్పుగా నా భుజం తట్టి వెళ్లాడు. పదకొండేళ్లు పుస్తకం ఉంచుకున్న మనిషి చేత భుజం తట్టించుకున్నాను.

పైకొచ్చేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను.

పన్నెండు.

జూన్ 17, మంగళవారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

సొరుగు తీసి కార్డులు తిరగేశాను. నీలం సిరా ఆవిడదే. గుండ్రటి దస్తూరి, ఇప్పుడూ సామాన్ల చీటీ మీద అలాగే రాస్తుంది. ఒక కార్డు మీద 'ఆమె తలుపు తీసేసరికి', ఇంకో కార్డు మీద 'వానకి తడవని ఒకే ఒక్క'. అంతటితో కత్తెర. ఈ వైపు ఆమె వాక్యం తెగి ఉంటే ఆ వైపు నా పుస్తకం పేరూ బీరువా నంబరూ వంకర లేకుండా ఉన్నాయి. మధ్యమధ్య ఎర్ర గుర్తులు.

గుర్తులు పెట్టడం జ్ఞాపకం ఉంది. మళ్లీ రాసి తెమ్మన్నాను. తేలేదు. బద్ధకం అనుకున్నాను. కాగితం మంచిది, ఊరికే పోతుందని కోసుకున్నాను. పొదుపు.

'వానకి తడవని ఒకే ఒక్క' ఏమిటి? ఇందాకటి నుంచి వెతుకుతున్నాను. తర్వాతి ముక్క దొరకడం లేదు.

జూన్ 18, బుధవారం

ఐదో నంబరుకి తలుపు తీశాను. అడ్డగింపు మొత్తం ఎత్తేశాను.

నాలుగింటికి జాబితా ముందు కూర్చున్నాను. నాలుగే ఉన్నాయి. ఆవిడ కిందికే వెళ్లింది. తలుపు తీసినట్టు తెలియాలంటే ఎవరైనా చెప్పాలి. చెప్పాల్సింది నేను. జాబితానే మళ్లీ తెరిచాను.

'నిష్పక్షపాతి' సలహాలు చెరిపేద్దామని చూశాను. జవాబులొచ్చిన అభిప్రాయం తొలగించడం కుదరదట. "దిగు" అని ఒకటి, "వెళ్లిపో" అని ఇంకొకటి, కింద వందలమంది చప్పట్లు. నా జీవితంలో నా మాట ఇంతమంది విన్నది ఇదే మొదటిసారి.

ఇక మిగిలింది ఒక్క మెట్టు.

జూన్ 19, గురువారం

పొద్దుటి నుంచీ అతుకుతున్నాను. నా సభ్యత్వ కార్డు, అమ్మాయిది, రెండూ కథలో ముక్కలే. అల్లుడిది దొరకలేదు.

"అదా మామయ్యగారూ? బల్ల ఊగుతుంటే కాలి కింద పెట్టాను."

బల్ల ఎత్తించి తీశాను. దాని వెనక 'నమ్మకం, చిల్లుగొడుగు' అని ఉంది. ముందు వాక్యంతో కలిపి చదివాను. వానకి తడవని ఒకే ఒక్క నమ్మకం, చిల్లుగొడుగు. దాని మీద నేను పెట్టిన ఎర్ర గుర్తు పక్కన 'అర్థం లేదు' అని నా చేతిరాత.

అర్థం ఉంది.

వరసగా పేర్చాను. గుర్తులు పద్నాలుగు. కథలో ఆవిడ లెక్క తప్పలేదు. దారంతో కట్టి చక్కెర డబ్బా పక్కన పెట్టాను. పైన కొత్త కార్డొకటి: సభ్యత్వం నంబరు 1. దాని మీద పదహారు అక్షరాల పాస్‌వర్డ్, రెండువైపులా ఖాళీ ఉన్న కాగితం మీద.

మూడున్నరకి ఆవిడ వచ్చి చూసింది. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నిలబడి లేను, పేపరు చదువుతున్నాను. కట్ట విప్పలేదు. దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంది.

"నంబరు ఒకటా? అప్పుడు మీది ఎంత?"

"ఐదు," అన్నాను.

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. కట్టా ఫోనూ రెండూ తీసుకెళ్లింది.

జూన్ 20, శుక్రవారం

మూడూ యాభై ఐదు. కిందికి వెళ్లలేదు. వంటింట్లో ఉంది.

నాలుగూ రెండు. జాబితాలో నాలుగు.

నాలుగూ పది. ఐదు!

ఐదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఐదే.

సాయంత్రం పన్నెండో మెట్టు వచ్చింది. తూనికలాయన మొదటిసారి తక్కెడ లేకుండా మేడ దిగి వస్తాడు. చేతిలో ముక్కలైన కాగితాలు. క్షమించమని అడగడు. ఆ మాట బరువెంతో అతనికి తెలియదు, ఎప్పుడూ తూచలేదు. ఆమె పెట్టెని ఆఖరి మెట్టు మీద దించి, దాని మీద కూర్చుంటుంది. చివరి వాక్యాలు ఇవి: 'వెళ్లిందా, ఉండిపోయిందా అని అడగకండి. ప్రస్తుతం మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి.'

జనం కొట్టుకుంటున్నారు. కింద ఆవిడ ఒక్కరికే జవాబిచ్చింది. "నిష్పక్షపాతి గారికి: మీ సలహాలన్నీ శ్రద్ధగా చదివాను. ఆ మనిషి గురించి మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పులుపు సంగతి మాత్రం మళ్లీ ఆలోచించండి. ఊరగాయ కూడా పాతబడితేనే బాగుంటుంది."

జూన్ 21, శనివారం

తెలిసే రాసిందా? ఎప్పటి నుంచి తెలుసు? 'నిష్పక్షపాతి' నేనని ఎవరికీ చెప్పలేదే. ఈ డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు.

గాలికి తాళం సంగతీ ఇక్కడే రాశాను.

జూన్ 22, ఆదివారం

రౌటర్‌కి పదహారు అక్షరాలు పెట్టాను. డైరీ బల్ల సొరుగులో ఉంటుంది. సొరుగుకి తాళం లేదు, ఎప్పుడూ లేదు.

ఇవాళ మొదటి పేజీ నుంచి తిరగేశాను. 'సిమ్ లేనిది ఫోను కాదు' కింద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత. 'నా పెంపకం' పక్కన చిన్న ప్రశ్నార్థకం. 'తల్లి పోలిక' పక్కన టిక్కు. 'సమయం లేకపోయింది' చుట్టూ గుండ్రంగా గీసి, అంచులో 'అర్థం లేదు' అని ఉంది. 'టీ బాగుంది. పారబోశాను' దగ్గర రెండు వాక్యాల మధ్య 'అందుకే?' అని చేర్చింది. 'పొదుపు' అన్న మాటని కొట్టేసింది, వేరే మాటేమీ రాయలేదు. పెన్సిలు నాదే, మొన బాగా చెక్కింది.

గుర్తులు లెక్కపెట్టాను. పదమూడు. నేను పెట్టినవి పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను, అంచుల్లో రాతలతో సహా. పదమూడే. లెక్క తప్పే మనిషి కాదు. ఒకటి చేతిలో ఉంచుకుంది.

వంటింట్లోంచి పిలుస్తోంది. "నిష్పక్షపాతి గారూ, టీ చల్లారిపోతోంది!"

వెళ్తున్నాను. డైరీ బల్ల మీదే వదిలేస్తున్నాను, పెన్సిలు పక్కన. ఈ పేజీ కింద కొంచెం చోటు ఉంచాను.